గచ్చిబౌలి స్టేడియాన్ని పడగొట్టి ఫుట్‌బాల్‌కే కట్టాలా? ఏషియన్ కప్ బిడ్‌లో హైదరాబాద్ పేరు ఉండాలా?

తూర్పు గ్యాలరీ:
సూటిగా అడుగుతున్నా, సూటిగానే చెప్పండి. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఫుట్‌బాల్ చూసినవాళ్లకి నా బాధ అర్థమవుతుంది. మైదానం చుట్టూ పరుగు పందేల ట్రాక్ ఉంది కాబట్టి గోల్ వెనక కూర్చుంటే అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో పక్కవాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే. 2002 నేషనల్ గేమ్స్‌కీ 2003 ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌కీ కట్టిన స్టేడియం కదా, అప్పటికి అది సరిపోయింది. కానీ ఇప్పుడు అక్కడ జనం టికెట్ కొని చూస్తున్నది ఫుట్‌బాలే. 2024లో చూడండి, సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబర్‌లో మలేషియాతో ఇండియా మ్యాచ్, డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్. మనకు మ్యాచ్‌లు ఇవ్వడానికి ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కి అభ్యంతరం లేదన్నమాట. అయినా 2017 అండర్-17 వరల్డ్ కప్ మ్యాచ్‌లు ఢిల్లీ, కోల్‌కతా, గువాహటి, కొచ్చి, మడ్‌గావ్, నవీ ముంబైలకి వెళ్లాయి, మనం టీవీ ముందు కూర్చున్నాం. 2031 ఏషియన్ కప్ (ఆసియా దేశాల ఫుట్‌బాల్ టోర్నీ) ఆతిథ్యానికి ఆసక్తి చూపిన దేశాల్లో ఇండియా కూడా ఉందని 2025లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఏఎఫ్‌సీ చెప్పింది. ఆ ఒక్క బిడ్ సంగతి పక్కన పెట్టినా, వచ్చే ప్రతి టోర్నీకీ మన చేతిలో చూపించడానికి ఒక స్టేడియం ఉండాలా వద్దా? ట్రాక్ తీసేసి 35 నుంచి 40 వేల సీట్లతో అచ్చంగా ఫుట్‌బాల్ స్టేడియం కట్టాలంటాను.

లెక్కల మాస్టారు:
ఎవరి కోసం కట్టాలండీ? మన క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మార్చుకుంది. 2025-26 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) అసలు టైముకి మొదలే కాలేదు. ఇంకో క్లబ్ శ్రీనిధి డెక్కన్ వాళ్లకు అజీజ్ నగర్‌లో డెక్కన్ ఎరీనా ఉంది. మరి ఈ 40 వేల సీట్లలో ఏడాదికి ఎన్ని రోజులు మనుషులు కూర్చుంటారు? ఇంకో సంగతి, 2027 ఏషియన్ కప్‌కి మన బిడ్ ఉంటే 2022 డిసెంబర్‌లో ఫెడరేషనే వెనక్కి తీసుకుంది, పెద్ద ఈవెంట్లు ఇప్పుడు మా ప్రాధాన్యం కాదంది. తర్వాత ఆ కప్‌కి మనం క్వాలిఫై కూడా కాలేదు, 2025 అక్టోబర్‌లో సొంత గడ్డ మీద సింగపూర్ చేతిలో 1-2తో ఓడి పోటీలోంచి బయటపడ్డాం. టీమ్ లేదు, లీగ్ లేదు, క్లబ్ లేదు. స్టేడియం మాత్రం కావాలి.

తూర్పు గ్యాలరీ:
మాస్టారూ, ఆతిథ్య దేశానికి క్వాలిఫైయింగ్ అక్కర్లేదు కదా, నేరుగా ఆడొచ్చు. మీరు చెప్పిన ఆ సింగపూర్ మ్యాచే నా వాదనకు బలం. క్లబ్ సంగతికొస్తే, హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఛాంపియన్ అయింది, ఆ సీజన్ మొత్తం కోవిడ్ వల్ల గోవాలోనే జరిగింది. మన ఊరి టీమ్ కప్పు గెలిచిన ఏడాది మన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు! ఇక్కడ జనం రారు అనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. జనానికి అలవాటయ్యే అవకాశమే సరిగ్గా దొరకలేదు.

బార్కస్ ఔట్‌సైడ్ లెఫ్ట్:
అన్నా, క్లబ్ పోయింది డబ్బుల్లేక, ట్రాక్ అడ్డమొచ్చి కాదు. ఆటగాళ్లకు జీతాలు లేటయినయని అప్పట్లో పేపర్లలో రాలేదా? కుర్చీలు దగ్గరికి జరిపితే జీతాలు పడతయా?

నాది వేరే గొడవ. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎక్కడ పుట్టిందో ఒకసారి యాది చేసుకోండ్రి. రహీం సాబ్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం, 1962 జకార్తాలో ఏషియన్ గేమ్స్ గోల్డ్, రెండింటికీ కోచ్ ఆయనే. ఆ రెండు టీముల్లో ఆడిన బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లాడు. వీళ్లెవరికీ 40 వేల సీట్ల స్టేడియం లేదు, ఫతే మైదాన్, జింఖానా, బస్తీల్లో ఖాళీ జాగలు ఉన్నయి. ఇప్పుడు ఆ బస్తీ జాగలే లేవు. గచ్చిబౌలిలో ఎంత మంచిది కట్టినా చాంద్రాయణగుట్ట పిల్లగాడు సాయంత్రం బస్సెక్కి అక్కడికి పోయి ప్రాక్టీస్ చేసి వస్తాడా? కట్టాలంటే ఎల్బీ స్టేడియం బాగుచెయ్యండి, ఊరి నడుమ ఉంది, మెట్రో పక్కనే ఉంది.

కాంక్రీట్ బాబాయ్:
నేను స్టేడియాలు కట్టలేదు గానీ కట్టడాల పనిలోనే ఉన్నా, అందుకని రెండు ముక్కలు. ట్రాక్ తీసేయడం అంటే ఎర్ర రబ్బరు చుట్టేసి గడ్డి వేయడం అనుకుంటున్నారు చాలామంది. ట్రాక్ పోతే మైదానానికీ గ్యాలరీకీ మధ్య పెద్ద ఖాళీ మిగులుతుంది, ఇప్పుడున్న మెట్లను అలాగే ముందుకు పొడిగిస్తే ముందు వరసల వాళ్ల తలలు వెనక వాళ్లకు అడ్డం. కాబట్టి మైదానాన్ని కిందికి దించి, ఆ తవ్విన చోట కొత్త వరసలు వేయాలి. గచ్చిబౌలిలో తవ్వడం అంటే ఏంటో అక్కడ అపార్ట్‌మెంట్ సెల్లార్ వేసినవాళ్లని అడగండి, కొంచెం దిగితే రాయి. అది పగలగొట్టాక మైదానం చుట్టుపక్కల నేల కంటే పల్లంలో ఉంటుంది, మన వానలకి నీళ్లు తోడటానికి పంపులు, కింద కంకర పొరలు, పైపులు, అన్నీ కొత్తగా వేయాలి. ఈ ఖర్చు ఎవరూ బొమ్మల్లో చూపించరు.

అసాధ్యమని కాదు. ఇటలీలో టురిన్ చూడండి. 1990 వరల్డ్ కప్ కోసం డెల్లే ఆల్పీ అని పెద్ద స్టేడియం కట్టారు, ట్రాక్ పెట్టారు, జనానికి ఆట కనపడక అసహ్యించుకున్నారు. చివరికి యువెంటస్ దాన్ని కూల్చి అదే చోట 2011లో 41 వేల సీట్లతో కొత్తది తెరిచింది. పాతదానికంటే పాతిక వేల పైన తక్కువ! అతకడం కాదు, కూల్చి చిన్నగా కట్టారు. ఇక్కడైనా ఆ దారే మంచిది. కాకపోతే అక్కడ రెండు వారాలకోసారి నింపే క్లబ్ ఉంది, మాస్టారి ప్రశ్న అక్కడే నిలబడుతుంది.

నాలుగో లేన్:
అందరూ ట్రాక్ తీసేద్దాం తీసేద్దాం అంటున్నారు, దాని మీద పరిగెత్తేవాళ్లని ఒక్కరూ అడగలేదు. నేను జిల్లా స్థాయిలో ఆగిపోయినదాన్ని, గొప్పేం కాదు, కానీ సింథటిక్ ట్రాక్ మీద మొదటిసారి స్పైక్స్ వేసుకున్నప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలంగాణలో అలాంటి ట్రాక్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీప్తి జీవాంజి ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి హైదరాబాద్‌లో శిక్షణ తీసుకుని 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. ఏడాదికి నాలుగు మ్యాచ్‌లు చూసేవాళ్లకి సీట్లు దగ్గరవ్వాలని రోజూ పొద్దున్నే ఐదింటికి వచ్చేవాళ్లని పంపేస్తారా?

తూర్పు గ్యాలరీ:
అక్కా, పంపేయమనలేదు. ముందు ఇంకో చోట అంతర్జాతీయ స్థాయి ట్రాక్ వేసి, వార్మప్ ట్రాక్‌తో సహా, ఆ తర్వాతే ఇది కూల్చాలి. రెండు ఆటల్నీ ఒకే చోట ఇరికిస్తే రెండూ చెడతాయి. లండన్‌లో 2012 ఒలింపిక్ స్టేడియానికి వెస్ట్‌హామ్ ఫుట్‌బాల్ క్లబ్ వచ్చాక ట్రాక్ ఉంచి, సీట్లు ముందుకీ వెనక్కీ జరిపే ఏర్పాటు పెట్టారు. ఆ జరపడానికే ఏటా లక్షల పౌండ్లు పోస్తున్నారు, అభిమానులు ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నారు.

నాలుగో లేన్:
“ముందు ఇంకోటి వేసి” అనే మాట ఇక్కడ చాలాసార్లు విన్నాం. ముందు అది వేయండి, మేమే వచ్చి ఇది కూల్చడానికి గునపం పడతాం.

పాత ఫైళ్లు:
నాలుగో లేన్ గారి అనుమానం ఊరికే వచ్చింది కాదు. ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ గుర్తుందా? 2003లో మనం చేసిందే మొదటిది, అదే చివరిది కూడా. రెండోది ఇంతవరకు జరగలేదు. ఆ స్టేడియం పక్కనే క్రీడాకారుల కోసం కట్టిన టవర్ 2020లో కోవిడ్ ఆస్పత్రి అయింది (ఆ టైములో అది మంచి పనే, కాదనను). ఇంకా ఆ రోజుల్లోనే స్పోర్ట్స్ అకాడమీల పేరు చెప్పి కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు ఒక ప్రైవేట్ కంపెనీకి ఇచ్చారు, 2006లో రద్దు చేశారు, 2024 దాకా కోర్టుల్లో నలిగింది, 2025లో ఆ భూమిలో చెట్లు కొట్టడం మీద ఎంత రభస జరిగిందో అందరం చూశాం. అకాడమీ రాలేదు, ఆట రాలేదు. గచ్చిబౌలిలో ఎకరం ధర తెలిసినవాళ్లెవరైనా “రీడెవలప్‌మెంట్” అనే మాట వినగానే మొదట అడగాల్సింది సీట్ల గురించి కాదు, మాల్‌కీ హోటల్‌కీ ఎన్ని ఎకరాలు రాసిస్తున్నారని.

డబ్లిన్ తెలుగబ్బాయి:
బయట నుంచి ఒక మాట. బిడ్ వేరు, స్టేడియం వేరు, రెండూ కలిపేస్తే ఏమవుతుందో బెల్‌ఫాస్ట్ చూస్తే తెలుస్తుంది. 2028 యూరో కప్ బ్రిటన్, ఐర్లండ్ కలిసి చేస్తున్నాయి, అందులో బెల్‌ఫాస్ట్ కేస్‌మెంట్ పార్క్ కూడా వేదిక కావాల్సింది. అది గేలిక్ ఆటల (ఐర్లండ్ దేశీ ఆటల) మైదానం, 2013 నుంచి మూతబడి ఉంది, అనుమతుల మీద కోర్టు కేసులు, ఆ పైన కట్టుబడి ఖర్చు పెరుగుతూ పోయింది. 2024 సెప్టెంబర్‌లో లండన్ ప్రభుత్వం యూరోకి డబ్బు ఇవ్వలేం, అప్పటికి పూర్తి కాదు అని చేతులెత్తేసింది. ఫుట్‌బాల్ పేరు చెబితే డబ్బు దొరుకుతుంది అనుకున్నవాళ్లకి టోర్నీ పోయింది, స్టేడియం కూడా లేటయింది. గడువు ఉన్నప్పుడే డబ్బు కదులుతుంది అంటారు, నిజమే, కానీ గడువు తప్పితే మొత్తం ఆగిపోతుంది. చైనా అయితే 2023 ఏషియన్ కప్ కోసం బీజింగ్ వర్కర్స్ స్టేడియాన్ని కూల్చి, ట్రాక్ తీసేసి కొత్తగా కట్టింది, ఇంకా చాలా ఊళ్లలో కట్టింది, 2022 మేలో కోవిడ్ పేరుతో ఆతిథ్యమే వదులుకుంది. కప్పు ఖతార్‌లో జరిగింది.

తూర్పు గ్యాలరీ:
బ్రో, చైనాలో కప్పు పోయినా స్టేడియం మిగిలింది కదా, ఇప్పుడు బీజింగ్ క్లబ్ అందులోనే ఆడుతోంది. నాకు అది ఓటమిలా కనిపించడం లేదు.

లెక్కల మాస్టారు:
వాళ్లకు క్లబ్ ఉంది. మళ్లీ మొదటికే వచ్చాం. సరే, ఏషియన్ కప్ వచ్చిందనే అనుకుందాం. 24 జట్లు, 51 మ్యాచ్‌లు. ఎనిమిది స్టేడియాలకు పంచితే మన వాటాకి ఆరేడు మ్యాచ్‌లు. అందులో ఇండియా ఆడేది మనకు ఇస్తారన్న హామీ లేదు, కోల్‌కతా వదులుతుందా? పోర్చుగల్ 2004 యూరోకి పది స్టేడియాలు సిద్ధం చేసింది, లెయిరియా ఊరికి రెండు మ్యాచ్‌లు దక్కాయి, తర్వాత ఆ మున్సిపాలిటీ అప్పు మోయలేక స్టేడియం అమ్మాలని చూసింది. కరెంటు బిల్లు, గడ్డి, సెక్యూరిటీ, ఇవి టోర్నీ వెళ్లిపోయాక కూడా నెలనెలా వస్తాయి.

ఆర్మూర్ పసుపు:
ఇంత పెద్ద మాటలెందుకు, ఆడపిల్లల టోర్నీ ఎందుకు అడగకూడదు? మా నిజామాబాద్ జిల్లా సౌమ్య గుగులోత్ ఇండియాకి ఆడుతోంది. 2025 జులైలో థాయ్‌లాండ్‌ని వాళ్ల దేశంలోనే ఓడించి మన అమ్మాయిలు 2026 ఏషియన్ కప్‌కి వెళ్లారు, మగవాళ్ల టీమ్ చేయలేనిది. 2022లో అండర్-17 అమ్మాయిల వరల్డ్ కప్ భువనేశ్వర్, మడ్‌గావ్, నవీ ముంబై మూడే ఊళ్లలో అయిపోయింది. దానికి 40 వేల సీట్లు అక్కర్లేదు, ట్రాక్ కూల్చక్కర్లేదు. మంచి గడ్డి, నీళ్లు నిలవని మైదానం, లైట్లు, శుభ్రమైన డ్రెస్సింగ్ రూములు, నాలుగు ప్రాక్టీస్ గ్రౌండ్లు. ఆ నాలుగు గ్రౌండ్లు బార్కస్ అన్న అడిగిన చోట్ల వేస్తే టోర్నీ పోయినా అవి మిగులుతాయి.

బార్కస్ ఔట్‌సైడ్ లెఫ్ట్:
గిది మాట. ఆర్మూర్ అక్కకు నా ఓటు.

కాంక్రీట్ బాబాయ్:
నీళ్లు నిలవని మైదానం అన్నారు కాబట్టి, 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ గుర్తు చేస్తా. హైదరాబాద్‌లో జరగాల్సిన ఫైనల్, వానలకి మైదానం పాడై ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి పోయింది. అక్కడ తజికిస్తాన్ మీద ఛెత్రీ హ్యాట్రిక్ కొట్టాడు, 4-1, దాంతో 2011 ఏషియన్ కప్ టికెట్ దొరికింది. ఆ మ్యాచ్ మన కళ్ల ముందు జరగాల్సింది! సీట్లు లేక పోలేదు, డ్రైనేజీ లేక పోయింది. కొచ్చిలో కూడా 2017లో సీట్లున్నా, జనం తొందరగా బయటపడే దారులు చాలవని టికెట్లు బాగా తగ్గించేశారు. నన్నడిగితే డబ్బు ముందు నేల కింద, తర్వాత గేట్ల దగ్గర పెట్టాలి.

తూర్పు గ్యాలరీ:
డ్రైనేజీ, గేట్లు, గ్రౌండ్లు, అన్నీ ఒప్పుకుంటా. కానీ చిన్నవే అడుగుతూ కూర్చుంటే మనకు ఎప్పుడూ చిన్నవే వస్తాయి. 2025 డిసెంబర్ 13న మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఎక్కడ తీసుకెళ్లారు? ఉప్పల్ క్రికెట్ స్టేడియానికి! ప్రపంచంలో అంత పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడికి ఈ ఊళ్లో చూపించడానికి ఒక ఫుట్‌బాల్ గ్రౌండ్ లేకపోయింది. నాకైతే సిగ్గనిపించింది.

లెక్కల మాస్టారు:
అదే రోజు కోల్‌కతాలో అచ్చమైన ఫుట్‌బాల్ స్టేడియం సాల్ట్‌లేక్‌లో మెస్సీ కనపడలేదని జనం కుర్చీలు పీకి విసిరారు. స్టేడియం ఉండగానే సరిపోదు.

తూర్పు గ్యాలరీ:
సాల్ట్‌లేక్‌లో కూడా ట్రాక్ ఉంది మాస్టారూ 🙂

నాలుగో లేన్:
అయితే ముందు వాళ్లది కూల్చమనండి. మా ట్రాక్ జోలికి రాకండి.