బలిసిన పెట్టలు ఉన్నట్టుండి చచ్చిపోతున్నాయి, మేత వల్లేనా?

మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లె. పెరట్లో తొమ్మిది పెట్టలుండేవి, పది రోజుల్లో రెండు పోయాయి. రెండూ ముందు రోజు దాకా గుడ్లు పెట్టినవే. నిన్న పొద్దున్న గూడు తలుపు తీస్తే ఒకటి బోర్లా పడి ఉంది, నెత్తి మీద ఎర్ర తురాయి తెల్లగా పాలిపోయి. పచ్చ విరేచనాలు లేవు, మెడ మెలితిరిగిపోలేదు. లాసోటా టీకా చుక్కలు కూడా వేయించాం, కాబట్టి కొక్కెర తెగులు అనుకోను.

పాతిపెట్టే ముందు చేతులకు కవర్లు తొడుక్కుని కోసి చూశాను. కందనకాయ కనపడనంత కొవ్వు. కార్జం పసుపు రంగులో ఉంది, వేలితో నొక్కితే సున్నుండలా చిట్లిపోయింది. పక్కనే గడ్డకట్టిన నెత్తురు.

మేతంటారా, నూకలు, మిగిలిన అన్నం, మొక్కజొన్న. పైగా మా అత్తగారు ముద్దుగా వేరుశనగ చెక్క పెడతారు. వానలకి అది బూజు వాసన వేస్తోంది, చెప్తే వినరు. కుక్కల భయంతో వల కట్టాక పెట్టలు తిరగడమూ తగ్గింది.

ఇది కొవ్వు పట్టి కార్జం పగలడమా, బూజు విషమా? చెక్క ఆపేశాను. మొక్కజొన్న కూడా ఒకేసారి ఆపేయాలా, మెల్లగా తగ్గించాలా? పశువుల డాక్టరు గారు సోమవారం గానీ రారట. ఈలోగా ఈ గుడ్లు పిల్లలకి పెట్టొచ్చా? అదే టెన్షన్‌గా ఉంది.