ఇసుక దిబ్బల మీద నడపడానికి ఏ టైర్లు? మడ్ టెర్రైనా, ఆల్ టెర్రైనా?

దిబ్బల_దారి:
అందరికీ నమస్తే. నాది ఫోర్ బై ఫోర్ ఎస్‌యూవీ, బండితో వచ్చిన 265/60 ఆర్18 హైవే టైర్లు అరిగిపోయాయి, మార్చే టైమొచ్చింది. మేము సెలవు దొరికితే ఎడారిలో ఇసుక దిబ్బల మీదకే వెళ్తాం, మిగతా రోజులంతా తారు రోడ్డే. షాపులో అడిగితే ఆఫ్‌రోడ్ అంటే మడ్ టెర్రైనే (బురద కోసం చేసిన టైర్లు) వేయాలి, పెద్ద రబ్బరు బ్లాకులుంటేనే పట్టు దొరుకుతుంది అంటున్నాడు, ఫ్రెండేమో ఆల్ టెర్రైన్ (అన్ని రకాల నేలకీ పనికొచ్చేవి) చాలంటాడు. వెడల్పు 285కి పెంచితే ఇంకా మంచిదని కూడా ఎవరో అన్నారు. ఇసుకలో బాగా తిరిగినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

ఇసుక_పిచ్చి:
మడ్ టెర్రైన్ వద్దు బ్రో. బురదలో అయితే అడుగున ఎక్కడో గట్టి నేల ఉంటుంది, టైరు బురదని కోసుకుంటూ దిగి ఆ నేలని పట్టుకోవాలి, అంత లోతు గాడులు పెట్టేది అందుకే. పొడి ఇసుకలో ఎంత కిందకి దిగినా మళ్ళీ ఇసుకే కదా, ఆ బ్లాకులు పారలా తవ్వుకుంటూ పోతాయి, యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కావంటే బండి పొట్ట ఇసుకకి ఆనుకుంటుంది, ఇక చక్రాలు ఊరికే తిరగడమే. దిబ్బ మీద బండి పైపైన తేలిపోవాలి. దానికి ఆల్ టెర్రైన్ సరిపోతుంది, సగం అరిగిన ఆల్ టెర్రైన్ అయితే కొత్తదానికంటే ఒక్కోసారి బాగా పోతుంది కూడా. నిజం చెప్పాలంటే నీ పాత హైవే టైర్లు కూడా మెత్తటి ఇసుకలో మరీ అంత చెడ్డవేం కాదు, కాకపోతే దారిలో రాళ్ళు తగిలితే తట్టుకోలేవు.

నెట్‌లో ట్రెడ్ (టైరు నేలకి ఆనే గాడుల భాగం) మీద అడ్డంగా పెద్ద పెద్ద పట్టీలున్న పాడిల్ టైర్లు కనిపిస్తాయి, అవి తేలికపాటి శాండ్ బగ్గీలకి, క్వాడ్ బైకులకి, రోడ్డు మీద నడిపేవి కావు. వాటి జోలికి వెళ్ళకు.

రిమ్ము_తగ్గించు:
పై బ్రో చెప్పింది కరెక్టే కానీ అందరూ ట్రెడ్ దగ్గరే ఆగిపోతారు, నా లెక్కలో ముందు చూడాల్సింది సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు. నీ 265/60 ఆర్18 అంటే వెడల్పు 265 మి.మీ, సైడ్‌వాల్ అందులో 60 శాతం అంటే 159 మి.మీ, రిమ్ము 18 అంగుళాలు, అదే 17 అంగుళాల రిమ్ముకి మారి 265/70 వేస్తే 185 మి.మీ పైనే వస్తుంది, గాలి తగ్గించినప్పుడు సాగడానికి అంత ఎక్కువ రబ్బరు దొరికినట్టు. మొత్తం టైరు ఎత్తు సుమారు 28 మి.మీ పెరుగుతుంది, అందులో సగం గ్రౌండ్ క్లియరెన్స్‌లో కలుస్తుంది. స్పీడోమీటర్ మాత్రం అసలు వేగం కంటే 3 శాతం పైన తక్కువ చూపిస్తుంది, అది మర్చిపోకు. 17 రిమ్ము నీ బ్రేక్ కాలిపర్‌కి తగలకుండా పడుతుందా, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకుంటుందా, ఈ రెండూ కొనేముందే బండికి పెట్టి చూసుకో.

వెడల్పు గురించి అడిగావు కదా, గాలి తగ్గించినప్పుడు నేలకి ఆనే భాగం అడ్డంగా పెరిగేది కొంచెమే, పొడవుగా పెరిగేదే ఎక్కువ, ఆ పొడవే బండిని తేలుస్తుంది. మరీ వెడల్పు టైరైతే ముందు ఇసుకని కుప్పలా తోసుకుంటూ పోతుంది, ఇంజిన్ మీద భారం. నన్నడిగితే 265 చాలు.

ఇంకొకటి, ఎల్‌టీ (లైట్ ట్రక్) అని ఉండి లోడ్ రేంజ్ ఈ (ఎక్కువ బరువు మోసే రకం) అని రాసున్న టైర్లు స్ట్రాంగ్‌గా ఉంటాయని చాలామంది తీసుకుంటారు. వాటి గోడలు బిర్రుగా ఉంటాయి, గాలి ఎంత తీసినా సరిగ్గా సాగవు. పైన టెంటు, వెనక సామాను అంటూ బాగా బరువు వేసుకుని తిరిగేవాళ్ళకైతే అవే కరెక్టు, నీకు స్టాండర్డ్ లోడ్ గానీ లోడ్ రేంజ్ సీ గానీ చాలు.

దిబ్బల_దారి:
అన్నా థాంక్స్, సైడ్‌వాల్ సంగతి నాకు షాపులో ఒక్కరు కూడా చెప్పలేదు. గాలి ఎంత తగ్గించాలో కూడా చెప్పండి, మరీ తగ్గిస్తే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుందని విన్నాను, ఆ భయంతో ఎప్పుడూ 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కంటే కిందకి దించలేదు.

గాలి_ముఖ్యం:
25 చాలదు తమ్ముడూ. నీ బండి బరువుకి 18 పీఎస్ఐతో మొదలుపెట్టు, ఇసుక మెత్తగా ఉండి ఇంజిన్ ఏడుస్తుంటే 15కి రా. 12 అనేది ఇరుక్కుపోయినప్పుడు బయటపడటానికి మాత్రమే, బయటికి రాగానే మళ్ళీ కొట్టుకో. టైరు ఊడేది గాలి తక్కువైనందుకు ఒక్కటే కాదు, తక్కువ గాలిలో స్టీరింగ్ గట్టిగా కోసినప్పుడు, దిబ్బ మీద అడ్డంగా జారినప్పుడు ఎక్కువగా ఊడుతుంది, అందుకే మలుపులు వెడల్పుగా తీసుకో, దిబ్బ ఎక్కినా దిగినా నిటారుగానే. గాలి వచ్చి తగిలే వైపు వాలు గట్టిగా ఉంటుంది, అవతలి జారుడు వాలు 30 డిగ్రీలు దాటి ఉంటుంది, అక్కడ ఇసుక వదులు, కాబట్టి శిఖరం దగ్గర అవతల ఏముందో చూసుకోకుండా దూకించకు.

ఇదేం కొత్త కిటుకు కాదు, 1930 ప్రాంతంలోనే లిబియా ఎడారిలో బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ అధికారి మామూలు ఫోర్డు కార్లతో టైర్లలో గాలి తగ్గించి దిబ్బలు దాటాడు, ఇరుక్కుంటే చక్రాల కింద స్టీలు పట్టీలు పెట్టేవాడు. ఇప్పుడు మనం వాడే రికవరీ బోర్డులు చేసే పని అదే.

గాలి కొలిచేటప్పుడు నాలుగు టైర్లూ ఒకే వేడి మీద ఉండాలి, ఎండ తగిలిన వైపు రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేసుకో, లేదంటే చక్రం కాస్త తిరగ్గానే పవర్ కట్ చేసి ఎక్కుతున్న బండిని మధ్యలో నిలబెడుతుంది. తిరిగి తారు రోడ్డు ఎక్కేముందు కంప్రెసర్‌తో మామూలు ప్రెషర్‌కి తెచ్చుకోవాల్సిందే, తక్కువ గాలితో స్పీడుగా వెళ్తే సైడ్‌వాల్ వేడెక్కి పేలుతుంది, దీంట్లో మాత్రం బద్ధకం వద్దు.

రాళ్ళ_రూటు:
ఒక్క మాట కలుపుతా. దిబ్బల దాకా వెళ్ళే దారి రాళ్ళదైతే గాలి అక్కడే తీయకు, ఇసుక మొదలయ్యాక తియ్యి, ఉబ్బిన సైడ్‌వాల్‌కి పదును రాయి తగిలితే చీలిపోతుంది, అక్కడ పంక్చర్ ప్లగ్గు నిలవదు. తిరిగొచ్చాక మర్నాడు ఏదైనా టైరులో గాలి మెల్లగా దిగిపోతుంటే మేకు కోసం వెతికే ముందు రిమ్ము అంచు చుట్టూ సబ్బునీళ్ళు పోసి చూడు. తక్కువ గాలితో నడిచినప్పుడు బీడ్‌కీ (రిమ్ములో కూర్చునే టైరు అంచు) రిమ్ముకీ మధ్య సన్నటి ఇసుక దూరుతుంది, ఒకచోట చిన్న చిన్న బుడగలు వరసగా వస్తుంటాయి. టైరు విప్పించి రెండు అంచులూ తుడిపిస్తే పోతుంది.

దిబ్బల_దారి:
సరే, 17 రిమ్ము, 265/70 ఆల్ టెర్రైన్, స్టాండర్డ్ లోడ్ ఫిక్స్ అయిపోయాను. స్టెప్నీ మాత్రం పాత 18దే ఉంచుకోవచ్చా?

రిమ్ము_తగ్గించు:
ఉంచకు, ఐదూ ఒకే సైజు తీసుకో. ఎత్తు తేడా ఉన్న టైరు వేసి ఫోర్ వీల్‌లో నడిపితే డిఫరెన్షియల్ (చక్రాలకి పవర్ పంచే గేర్లు) మీద భారం పడుతుంది, పైగా ఇసుకలోనే టైరు పోతే ఆ స్టెప్నీ మీదే దిబ్బలు దాటి రావాలి. కొనేటప్పుడు టైరు గోడ మీద DOT అని మొదలయ్యే డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు చూడు, 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. ఐదింటి మీదా చూడు, ఒక్కదాని మీద కాదు.