మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో తెలుగు మెనూ: సరుకు మాయమవుతోంది, అక్షరాలు విడిపోతున్నాయి

అలిపిరి_క్రాఫ్టర్:
తిరుపతిలో మా కాలేజీ వాళ్లం కలిసి ఆడుకోవడానికి ఒక పేపర్ సర్వర్ (ప్లగిన్లు వేసుకోగల మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సాఫ్ట్‌వేర్) నడుపుతున్నాం. మ్యాప్‌లో అలిపిరి, కపిలతీర్థం, చంద్రగిరి రాజమహల్ కట్టేశాం (అలిపిరి దారిలో మొత్తం 3,550 మెట్లూ ఉండాల్సిందేనని ఒకడు పట్టుబట్టాడు, ఇంకా గాలిగోపురం దాకా కూడా రాలేదు). ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడానికి కమాండ్ కొట్టే పని లేకుండా మెనూ పెడదామని, 27 గడుల పెట్టె తెరిచి ఒక్కో ఊరికి ఒక్కో ఐటమ్ పెట్టాను. పెట్టె టైటిల్ చూసి, అది మన మెనూ అయితే ఐటమ్ బయటికి రాకుండా క్లిక్ క్యాన్సిల్ అయి, ఆ ఊరికి తీసుకెళ్లేలా ప్లగిన్‌లో రాశా. ఇప్పుడేమో ఒకడు అన్విల్‌లో (ఆటలో వస్తువుల పేర్లు మార్చే చోటు) మామూలు పెట్టెకి అదే పేరు పెట్టాడు, దాంట్లోంచి ఏమీ తీయలేకపోతున్నాడు, పైగా క్లిక్ చేస్తే చంద్రగిరిలో తేలుతున్నాడు. ఇంకొకడు వజ్రాలు మెనూలోకి లాగి మూసేశాడు, అవి గోవిందా. ఇది కాక 'శ్రీవారి మెట్టు' అని రాస్తే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అన్నీ విడివిడిగా వరసలో నిలబడుతున్నాయి. ఎవరన్నా చెప్పండబ్బా.

పీలేరు_జావా:
టైటిల్‌తో పోల్చడం మానెయ్ తమ్ముడూ. ఇన్వెంటరీహోల్డర్‌ని (పెట్టె ఎవరిదో చెప్పే జావా ఇంటర్‌ఫేస్) ఇంప్లిమెంట్ చేసే చిన్న క్లాస్ రాసుకుని, ఇన్వెంటరీ తయారుచేసేటప్పుడు దాన్నే హోల్డర్‌గా ఇవ్వు, క్లిక్ వచ్చినప్పుడు హోల్డర్ నీ క్లాసేనా అని చూస్తే చాలు, ఇక పేరు ఎవడేం పెట్టుకున్నా నీకు సంబంధం లేదు. వజ్రాలు పోయింది డ్రాగ్ వల్ల. పట్టుకుని గడుల మీద లాగితే వచ్చేది ఇన్వెంటరీడ్రాగ్‌ఈవెంట్, అది క్లిక్ ఈవెంట్ కాదు, వేరే, దాన్నీ క్యాన్సిల్ చెయ్యాలి. ఇంకోటి, క్లిక్ ఈవెంట్ లోపలే మెనూ మూయడం, వేరే మెనూ తెరవడం చెయ్యొద్దు, షెడ్యూలర్‌లో రన్‌టాస్క్‌తో తర్వాతి టిక్‌కి (ఆట ముందుకు జరిగే ఒక్కో అడుగు) వదిలెయ్. సెకనుకి 20 టిక్‌లు కాబట్టి ఆడేవాడికి తేడా తెలీదు.

ఫాంట్_పిచ్చోడు:
అక్షరాల సంగతి నీ కోడ్‌లో బాగయ్యేది కాదు. ఆటలో ఉన్న యూనిఫాంట్‌లో (చాలా భాషల అక్షరాలున్న ఫాంట్) తెలుగు ఉంది, కానీ ఆట ఒక్కో యూనికోడ్ నంబర్‌కి ఒక్కో బొమ్మ తీసి పక్కపక్కన పేర్చుకుంటూ పోతుంది, వత్తు కింద పెట్టాలని గానీ గుడి పైన తగిలించాలని గానీ దానికి తెలీదు. అందుకే ఊరి పేరు మొత్తాన్ని ఒకే పీఎన్‌జీ బొమ్మగా గీసి, రిసోర్స్ ప్యాక్‌లోని (ఆటలోని బొమ్మలు, ఫాంట్లు మార్చే ఫైళ్ల మూట) ఫాంట్ ఫైల్‌లో బిట్‌మ్యాప్ ప్రొవైడర్‌గా, అంటే అక్షరానికి బదులు చూపించే బొమ్మగా చేర్చు. ఎవరికి కావాలంటే వాళ్లు వాడుకోడానికి యూనికోడ్‌లో ఖాళీగా వదిలిన ప్రైవేట్ యూజ్ ఏరియా నుంచి ఒక అక్షరాన్ని దానికి కేటాయిస్తే, ఆ ఒక్క అక్షరం టైప్ చేసిన చోటల్లా 'శ్రీవారి మెట్టు' అని నిండుగా వస్తుంది. అసెంట్ విలువ (రాత గీత మీద బొమ్మ ఎంత పైకి ఉండాలో చెప్పేది) మాత్రం హైట్‌ని (బొమ్మ ఎత్తు) దాటకూడదు, దాటితే ఆ ఫాంట్ లోడే కాదు.

చిత్తూరు_మచ్చా:
ఇదంతా సరే, మీవాళ్లలో గైజర్ (ఫోన్‌లోని బెడ్‌రాక్ ఎడిషన్‌ని కంప్యూటర్‌లోని జావా ఎడిషన్ సర్వర్‌కి కలిపే ప్రోగ్రామ్) ద్వారా ఫోన్‌లో ఆడేవాళ్లు ఉన్నారా? ఉంటే ఆ బొమ్మలు వాళ్లకి రావు, జావా రిసోర్స్ ప్యాక్‌ని గైజర్ దానంతటది మార్చి ఇవ్వదు. వాళ్లకి ఫ్లడ్‌గేట్‌తో (గైజర్‌కి తోడుగా వాడే ప్లగిన్) ఫారమ్ పంపడం మేలు, వరసగా బటన్లు వస్తాయి, వేలితో నొక్కడం కూడా తేలిక. నన్నడిగితే పేర్లు పెద్దగా గీసే బదులు గాలిగోపురం బొమ్మ ఒకటి, కోట బొమ్మ ఒకటి ఐకాన్‌గా పెట్టెయ్, మనూరోళ్లకి పేరు చదివే పనేముంది.

అలిపిరి_క్రాఫ్టర్:
హోల్డర్ పని చేసింది, డ్రాగ్ కూడా ఆగింది, థ్యాంక్స్ అన్నా. ఫోన్‌వాళ్లు ఇద్దరే, వాళ్లకి ఫారమ్ తర్వాత చూస్తా. పేర్లు మాత్రం తెలుగులోనే ఉండాలి మచ్చా, దానికోసమే కదా ఈ తిప్పలంతా. బొమ్మ వచ్చింది గానీ టైటిల్‌లో పసుపు రంగుతో గీసింది మసిపట్టినట్టు కనిపిస్తోంది, ఎందుకు?

ఫాంట్_పిచ్చోడు:
టైటిల్ అక్షరాల మామూలు రంగు ముదురు బూడిద, అదే నీ బొమ్మ మీద పడుతోంది. ఆ అక్షరానికి తెల్ల రంగు ఇవ్వు, నువ్వు గీసిన పసుపు అలాగే వస్తుంది.