మెడ మీద మాత్రమే షేవింగ్ పొక్కులు, ట్రిమ్మర్‌కి మారాలా?

ఉండేది అనంతపురం, వాడేది బోరు నీళ్లు. గడ్డం గీసిన రోజు ఏమీ తెలియదు. మర్నాడు పొద్దుటికి గొంతు కింద ఎడమవైపు ఎర్రటి పొక్కులు లేస్తాయి, కాలర్ తగిలితే చురుక్కుమంటాయి. చీము లేదు. అద్దంలో దగ్గరగా చూస్తే ఒకటి రెండింట్లో వెంట్రుక బయటికి రాకుండా చర్మం కిందే చుట్టుకుని ఉంటుంది. బుగ్గలు మాత్రం శుభ్రంగా ఉంటాయి.

రెండంచుల బ్లేడే, ఎప్పటికప్పుడు మారుస్తా. స్నానమయ్యాక, క్రీమ్ బాగా నానబెట్టి, వెంట్రుక వాలుకే గీస్తున్నా. బోరు నీళ్ల మీద అనుమానంతో క్యాన్ నీళ్లు వాడినా తేడా లేదు. పటికతో మంట తప్ప ఒరిగిందేమీ లేదు (సెలూన్ అన్న ఇంకా దాన్నే రుద్దమంటాడు!).

మెడ వరకు బ్లేడు మానేసి, ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు వెంట్రుక వదిలేస్తే ఈ పొక్కులు ఆగుతాయా? ఇదే బాధ పడి, అలా మారి చూసినవాళ్లు చెప్పగలరా?