కీళ్ల వాపుకు డాప్లర్ స్కాన్ ప్రతిసారీ కావాలా?

కట్టమంచి, చిత్తూరు:
అమ్మకు 58 ఏళ్లు. ఐదు నెలల నుంచి పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకోదు, సంగటి కట్టె చేతిలో నిలవదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. తిరుపతిలో వేళ్లకు డాప్లర్ అల్ట్రాసౌండ్ తీశాక రుమటాయిడ్ కీళ్లవాతం అని తేలి మాత్రలు మొదలుపెట్టారు. ఇక వచ్చినప్పుడల్లా ఆ స్కాన్ చేయించమంటున్నారు. తమ్ముడేమో దండగ అంటున్నాడు. మీరేమంటారు?

బైరాగిపట్టెడ, తిరుపతి:
నేను రేడియాలజీ డాక్టర్ని. చేయించండమ్మా. ఎక్స్‌రేలో కనబడేది ఎముక అరిగిన తర్వాతి సంగతి. అంతకు ముందే కీలు లోపలి పొర వాచి, అందులో సన్నటి రక్తనాళాలు పుట్టుకొస్తాయి. డాప్లర్‌లో అవి ఎర్రటి చుక్కల్లా మిణుకుతాయి. సూది లేదు, రేడియేషన్ లేదు, కాస్త చల్లటి జెల్ అంతే. చేత్తో నొక్కితే దొరకని వాపు కూడా ఇందులో దొరుకుతుంది.

గ్రీమ్స్‌పేట, చిత్తూరు:
డాక్టర్ గారూ, నాకూ ఇదే జబ్బు, తొమ్మిదేళ్లయింది. మొదట జబ్బు పట్టుకోవడానికి స్కాన్ మంచిదే, కాదనను. ప్రతిసారీ ఎందుకు? నార్వేలో 238 మందితో చేసిన ‘ఆర్కిటిక్’ అనే అధ్యయనం 2016లో వచ్చింది. సగం మందికి స్కాన్ చూసి మందు మార్చారు, మిగతావారికి మామూలుగా కీళ్లు నొక్కి, రక్తపరీక్ష చూసి మార్చారు. రెండేళ్లకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక్కడి నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు. బస్సులో వెళ్లొచ్చేసరికి ఒక రోజు కూలి పోతుంది. ఆ డబ్బు మాత్రలకైనా పనికొస్తుంది. మధ్యలో మాత్రలు ఆపేసినవాళ్ల వేళ్లు వంకరపోవడం నేను కళ్లారా చూశాను.

బైరాగిపట్టెడ, తిరుపతి:
ఆ అధ్యయనం నిజమే, మీ మాట ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా చెప్పాలి. చర్మం మీద ఆనించే స్కాన్ పరికరాన్ని (ప్రోబ్) కొంచెం గట్టిగా అదిమితే ఆ ఎర్ర చుక్కలు మాయమైపోతాయి. తీసే చెయ్యి మారితే రిపోర్టూ మారొచ్చు. అందుకే ఒక్క స్కాన్ చూసి మందు పెంచకూడదు. కానీ ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష మామూలుగా ఉండి, నొప్పి మాత్రం తగ్గకపోతే? అది వాపు నొప్పా, వేరే నొప్పా తేల్చుకోకుండా మందు పెంచడం అన్యాయం. అప్పుడు మాత్రం స్కాన్ వద్దనకండి.

కట్టమంచి, చిత్తూరు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అమ్మ వేళ్లు ఇప్పుడు బాగానే ముడుచుకుంటున్నాయి, సీఆర్‌పీ కూడా తగ్గింది. కుడి మణికట్టు నొప్పి ఒక్కటే పోలేదు. ఈసారి రెండు చేతులకూ కాకుండా ఆ మణికట్టుకు మాత్రమే తీస్తారేమో డాక్టరు గారిని అడుగుతాను.