400 షేర్లు వచ్చాయి, మ్యాన్‌హోల్‌కు మూత మాత్రం పడలేదు
బడి గేటుకు పది అడుగుల దూరంలో మ్యాన్‌హోల్ మూత విరిగి ఏడు వారాలైంది. గుర్తుగా ఎవరో వేపకొమ్మ గుచ్చారు. వాన నీళ్లు నిలిస్తే అదీ కనబడదు, పిల్లలు దాని పక్కనుంచే నడవాలి. ఫొటో, లొకేషన్‌తో ఎక్స్‌లో మున్సిపాలిటీని ట్యాగ్ చేశాం, 400 షేర్లు దాటాయి. మర్నాడే 'సంబంధిత అధికారికి పంపాం' అన్నారు. నాలుగో రోజున 'పరిష్కారమైంది' అని ఫిర్యాదు మూసేశారు. యాప్‌లో మళ్లీ పెడితే అదే తంతు. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఏ ఆధారంతో మూసేశారో చెప్పమని, పని ఫొటో, ఎంబీ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు ఇమ్మని సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద అడిగాం. 33 రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు రాస్తున్నాం, కానీ అది తేలడానికే ఇంకో నెల పడుతుంది.

ఇలా ఆన్‌లైన్‌లో మూసేసిన ఫిర్యాదుపై నిజంగా పని చేయించుకున్నవాళ్లు ఏ కాగితం, ఏ అధికారికి ఇచ్చారు?