పాత పికప్‌కి కొత్త బానెట్: వెనక మూల లేచి నిలబడుతోంది

పాతపికప్:
మా బండి బానెట్ ముందు అంచు లోపల్నుంచి తుప్పు పట్టి పొరలుగా రాలిపోయింది. అతుకు వేయించడం దండగనిపించి కొత్త బానెట్ తెచ్చాను, ఒరిజినల్ కాదు. నిన్న బిగిస్తే కుడివైపు వెనక మూల ఫెండర్ (చక్రం మీది రేకు) కంటే వేలెడు ఎత్తు లేచింది. గట్టిగా కొడితేనే లాక్ పడుతోంది. బానెట్టే వంకరగా వచ్చిందా?

స్పానర్‌బాబు:
ముందు ఆ కొట్టడం ఆపండి. నేనూ అలాగే కొట్టి కొత్త షీటు మడత పెట్టుకున్నాను. హింజ్‌ల (బానెట్‌ని బాడీకి కలిపే కీళ్ల) చుట్టూ మార్కర్‌తో గీతలు గీశాకే పాతది విప్పారా? గీయకపోతే పాత బానెట్ అడుగున హింజ్ ముద్ర కనిపిస్తుంది, దాన్ని కొలిచి కొత్తదాని మీద దించండి. లాక్ పూర్తిగా విప్పేసి, బానెట్ నెమ్మదిగా దించి చూడండి. చాలా బండ్లలో ముందుకీ వెనక్కీ జరపాలంటే హింజ్‌ని బానెట్‌కి పట్టే బోల్టులు, వెనక ఎత్తు తగ్గించాలంటే బాడీకి పట్టే బోల్టులు వదులు చేయాలి. ముందు ఎత్తు రబ్బరు బుష్‌లు తిప్పి సరిచేయొచ్చు. లాక్ ఆఖర్న.

రంగులషెడ్:
పెయింట్ వేశారా? కొత్తదాని మీద ఉండే నల్ల పూత ప్రైమర్ మాత్రమే, అంటే రంగు కింద వేసే తొలి పూత. ఒకసారి పెట్టి గ్యాప్‌లు సరిచూసుకుని, తీసి, అడుగు వైపుకీ మడత అంచులకీ రంగు వేయించండి. మీ పాతది కుళ్లింది అక్కడేగా. నీళ్లు కారే రంధ్రాలు మాత్రం మూసేయకండి.

స్ప్రింగుతాత:
బాబూ, హింజ్‌లో స్ప్రింగులున్న మోడలా? సగం తెరిచి, ఆ మూల పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడు. టకటకమంటే పిన్ను అరిగినట్టే, కొత్త బానెట్‌ని తిట్టి లాభం లేదు. బయట చేసినవి కొన్ని పల్చగా, తేలిగ్గా ఉంటాయి. పాత స్ప్రింగు వాటిని ఇంకా పైకి తోస్తుంది. విప్పేటప్పుడు ఇద్దరు పట్టుకోండి, వేళ్లు మాత్రం స్ప్రింగు దగ్గర పెట్టొద్దు.

పాతపికప్:
తాతగారూ, మీరన్నదే. కుడి హింజ్ పిన్ను అరిగి కోలగా అయిపోయింది. రెండు హింజ్‌లూ మార్చి, మా తమ్ముణ్ణి అటువైపు నిలబెట్టి, ఫెండర్ల మీద పాత దుప్పటి పరిచి మళ్లీ మొదలుపెట్టాం. లాక్ బిగించడానికే గంట పట్టింది! ఇప్పుడు అరచేత్తో నొక్కితే పడుతోంది.

స్పానర్‌బాబు:
లోపలి లివర్ లాగినప్పుడు రెండో కొక్కెం ఆపుతోందా? అది చూడకుండా రోడ్డెక్కకండి. గాలికి లేచిందంటే అద్దం మీదే పడుతుంది.

పాతపికప్:
ఆపుతోందండీ, గ్రీజు కూడా పెట్టాను. ఎడమవైపు గ్యాప్ రెండు మిల్లీమీటర్లు ఎక్కువుంది, ఇక దాని జోలికి పోను.